సాలూరి వారి చేతిలో ఎన్ని వాద్యాలు!

మన హాస్టళ్ళలో రాక్ సంగీతం గురించి చర్చలకు లోటు లేదు. గిటారు, కీబోర్డు, డ్రమ్స్ మూడూ వాయిస్తూ, ఒక బ్యాండులోంచి మరో బ్యాండులోకి మారుతూ పేరు గడించిన పాశ్చాత్యుల కథలు మిత్రులు గంటల తరబడి చెప్పుకుంటారు. మంచిదే. కాని అటువంటి బహువాద్యకారుడు మన తూర్పు కనుమల అంచునే పుట్టాడంటే, "ఎవరండీ ఆయన?" అని నన్నే ఎదురు అడుగుతారు. ఆయనే సాలూరి రాజేశ్వరరావు గారు.

1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. కొరాపుట్ వెళ్ళే ఘాట్ రోడ్డు ఎక్కేది ఆ సాలూరు నుంచే. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి కచేరీలకు వాయించినవారు. ఇంట్లోనే మృదంగం, తబలా, డోలక్, హార్మోనియం పట్టుబడ్డాయి. 1935లో "శ్రీకృష్ణలీలలు" చిత్రంలో బాలకృష్ణుడిగా పాడి, నటించేనాటికి ఆయనకు పదమూడేళ్ళు!

తరువాత కలకత్తా. అక్కడ హిందుస్తానీ సంగీతంతోపాటు సితార్, సుర్‌బహార్ నేర్చారు. మద్రాసు వచ్చాక మాండొలిన్, పియానో, ఎలక్ట్రిక్ గిటారు కూడా ఆ జాబితాలో చేరాయి.

ఇన్ని నేర్చుకుంటే ఒక్కటీ సరిగ్గా రాదని పెద్దలంటారు. వాద్యకారుడి విషయంలో అది నిజం కావచ్చు. పాట కట్టేవాడి సంగతి వేరు. మృదంగం తెలిసినవాడికి పాట నడక ఎక్కడ విరగాలో తెలుస్తుంది. సితార్ తీగ లాగినవాడికి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం తెలుస్తుంది. పియానో ముందు కూర్చున్నవాడు నాలుగు స్వరాలు ఒకేసారి పలికితే ఎలా ఉంటుందో వింటాడు. ఇవన్నీ ఒక్క తలలో చేరితే, ఏ వాద్యం మాట్లాడాలో, ఏది ఊరుకోవాలో ముందే తెలుస్తుంది. ఆయన పాటల్లోని నిండుదనానికి నేను చెప్పగల కారణం ఇదే.

రాక్ వాళ్ళకు బ్యాండులైతే, ఆయనకు స్టూడియోలు. 1940లో "ఇల్లాలు". జెమినీలో 1942 "బాలనాగమ్మ", 1948 "చంద్రలేఖ". బి.ఎన్.రెడ్డి గారి వాహినీకి 1951లో "మల్లీశ్వరి", దానికి వాద్యగోష్ఠి అద్దేపల్లి రామారావు గారిది. భరణీ వారికి 1954లో "విప్రనారాయణ", విజయా వారికి 1955లో "మిస్సమ్మ". అన్నీ సాఫీగా సాగలేదు. 1957 నాటి "మాయాబజార్"కు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు; వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేసింది ఘంటసాల గారు. ఆ మరుసటి ఏడే "చెంచులక్ష్మి", 1964లో "బొబ్బిలి యుద్ధం". 1999లో కన్నుమూశారు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను "కళాప్రపూర్ణ"తో గౌరవించింది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? నాది అరకు లోయ. మా వైపు థింసా ఆడే రాత్రి మోరి, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు అన్నీ కలిసి మోగుతాయి. డప్పు కొట్టి అలిసినవాడు తుడుము అందుకుంటాడు, మోరి ఊదినవాడు కాసేపాగి ఆటలో చేరతాడు. దీన్ని ఎవరూ బహువాద్య ప్రావీణ్యం అనరు. అది "వాళ్ళ ఆట", అంతే! అలా ఊదగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళ పిల్లలు మన క్లాసుల్లోనే ఉన్నారు, మోరి సంగతి ఎత్తితే సిగ్గుపడి తల దించుకుంటారు.

సాలూరి వారికి ఇంట్లో మృదంగం ఉంది, నేర్పే తండ్రి ఉన్నాడు, దాన్ని విద్య అని గుర్తించిన ఊరు ఉంది. మా పిల్లలకు మొదటి రెండూ ఉన్నాయి. మూడోది మనం ఇవ్వవలసింది. వచ్చే వార్షికోత్సవంలో గిటారు పక్కనే మోరికీ వేదిక మీద చోటివ్వమని మన విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. ఊదేవాళ్ళను పిలుచుకొచ్చే పూచీ నాది.