పిల్లల ముక్కు నుంచి రక్తం: అపోహలు – వాస్తవాలు

పిల్లల్లో ముక్కు నుంచి కారే రక్తం నూటికి 90 సార్లు ముక్కు ముందు భాగంలోనే పుడుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడ మీద, పిల్లల వేలికి అందేంత దగ్గరలో సన్నని రక్తనాళాలు గుంపుగా ఉంటాయి. వైద్యులు దీన్ని ‘లిటిల్స్ ఏరియా’ అంటారు. పైపొర బాగా పలచన కాబట్టి గోరు తగిలినా, జలుబుకు గట్టిగా చీదినా చిట్లుతుంది. 2 నుంచి 10 ఏళ్ల వయసులో ఇది మామూలే. ‘మెదడులో నరం చిట్లింది’ అని హడలిపోనక్కర్లేదు.

‘మామిడిపండ్లు తిని వేడి చేసింది’ అనే మాట ప్రతి వేసవిలో వినిపిస్తుంది. ఎండాకాలంలో ఈ బాధ పెరిగే మాట నిజమే, కానీ తప్పు పండుది కాదు, పొడిగాలిది. లోపలి పొర ఎండి పక్కు కడుతుంది, పిల్లలు దాన్ని గిల్లుతారు. పండ్లు మానిపించే బదులు గోళ్లు కత్తిరించి, సెలైన్ చుక్కలు వేసి, రంధ్రాల అంచున పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే మేలు.

అన్నిటికన్నా చెరుపు చేసేది తల వెనక్కి వంచడం, లేదా వెల్లకిలా పడుకోబెట్టడం. అప్పుడు రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది. మింగిన రక్తంతో వాంతి అవుతుంది, దాన్ని చూసి ఇంటిల్లిపాదీ ఇంకా కంగారు పడతారు. బిడ్డను కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు కింది మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా మూసిపట్టాలి. పైనున్న దూలం ఎముకను నొక్కితే ప్రయోజనం లేదు. నోటితో గాలి పీల్చమని, నోట్లోకి వచ్చిన రక్తం ఉమ్మేయమని చెప్పాలి. గడియారం చూసి 10 నిమిషాలు పట్టుకోవాలి. ఆగిందా అని మధ్యలో వేళ్లు తీసి చూడటమే చాలామంది చేసే పొరపాటు. అప్పుడే కట్టుకుంటున్న గడ్డ చెదిరిపోతుంది. దూది కుక్కినా అంతే, తీసేటప్పుడు మళ్లీ కారుతుంది.

ఉల్లిపాయ వాసన చూపడం, నెత్తిన చన్నీళ్లు పోయడం వల్ల రక్తం ఆగుతుందనడానికి ఆధారం లేదు. చాలాసార్లు రక్తం దానంతటదే ఆగుతుంది, పేరు ఉల్లిపాయకు వస్తుంది.

అలాగని ప్రతిసారీ తేలిగ్గా తీసుకోవడమూ తగదు. 20 నిమిషాలు నొక్కిపట్టినా ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా, బిడ్డ పాలిపోయి నీరసించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండేళ్లలోపు పిల్లలను ఒక్కసారి కారినా వైద్యునికి చూపించాలి. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిపై కమిలిన మచ్చలు ఉంటే, ఇంట్లో మరొకరికి ఇలాంటి సమస్య ఉంటే రక్తపరీక్షలు అవసరం. ప్లేట్‌లెట్లు తగ్గడం, రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి ఇలా బయటపడతాయి. ఒక రంధ్రం నుంచే దుర్వాసనతో రక్తం వస్తుంటే లోపల పూసో గింజో ఇరుక్కుని ఉండవచ్చు. తరచూ కారే పిల్లలకు వైద్యులు ముందు యాంటిసెప్టిక్ క్రీమ్ ఇస్తారు, దానితో తగ్గకపోతే ఆ రక్తనాళాన్ని సిల్వర్ నైట్రేట్‌తో మాడ్చి మూసేస్తారు.