విస్మృతి హక్కు

విస్మృతి హక్కు అనగా, ఒక వ్యక్తి పేరుతో అంతర్జాలంలో వెదకినపుడు కాలం చెల్లిన గత సమాచారం కనిపించకుండా చేయమని ఆ వ్యక్తి కోరగల హక్కు. ఆంగ్లంలో దీనిని "రైట్ టు బి ఫర్‌గాటెన్" అంటారు. 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వలన ఇది ప్రసిద్ధి చెందినది. కొత్త సాంకేతిక పరిజ్ఞానం పాత చట్టాలకు తెచ్చే చిక్కులకు ఈ వివాదం మంచి ఉదాహరణ.

నేపథ్యం

1998లో స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరం నుండి వెలువడే "లా వాంగ్వార్డియా" దినపత్రికలో ఒక స్థిరాస్తి వేలం ప్రకటన రెండుసార్లు ప్రచురింపబడినది. సామాజిక భద్రతా బకాయిల వసూలు కొరకు ప్రభుత్వ ఆదేశంపై వేసిన ఆ ప్రకటనలో యజమాని పేరు ఉన్నది. పూర్వం ఇటువంటి ప్రకటన పాత పత్రికల కట్టలో ఉండిపోయేది. దానిని చూడవలెనన్న తేదీ తెలిసి, గ్రంథాలయానికి వెళ్ళి వెదకవలసి వచ్చేది. పత్రిక పాత సంచికలు అంతర్జాలంలోకి చేరిన తరువాత పేరు తెలిస్తే చాలు, ప్రకటన ఎదుట నిలిచేది. బకాయి వ్యవహారం ఏనాడో ముగిసినా అది తనను వెంటాడుతున్నదని ఆ వ్యక్తి 2010లో స్పెయిన్ సమాచార పరిరక్షణ సంస్థకు ఫిర్యాదు చేసెను. పత్రిక ప్రచురణ చట్టబద్ధమే కనుక దానిపై ఫిర్యాదును ఆ సంస్థ త్రోసిపుచ్చి, గూగుల్‌ను మాత్రం లంకెలు తొలగించమని ఆదేశించినది. గూగుల్ కోర్టుకు వెళ్ళగా, స్పెయిన్ న్యాయస్థానం ఈ ప్రశ్నలను యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి నివేదించినది.

చట్టంలోని చిక్కులు

అప్పుడు అమలులో ఉన్న చట్టం 1995 నాటిది. గూగుల్ సంస్థ ఏర్పడినది 1998లో. అందువలన మూడు ప్రశ్నలు తలెత్తినవి.

* ఇతరులు వ్రాసిన దానిని చూపించే శోధన యంత్రం ఆ సమాచారానికి బాధ్యత వహించవలెనా?
* అమెరికా సంస్థకు ఐరోపా చట్టం వర్తించునా?
* నిజమైన సమాచారాన్ని కూడా దాచమని కోరవచ్చునా?

తీర్పు

2014 మే 13న న్యాయస్థానం మూడింటికీ అవుననే సమాధానమిచ్చినది. విడివిడిగా ఉన్న వివరాలను పేరు క్రింద ఒకచోట చేర్చుటయే శోధన యంత్రపు పని కనుక దానికి ప్రత్యేక బాధ్యత కలదు. గూగుల్ స్పెయిన్‌లోని శాఖ ద్వారా ప్రకటనల వ్యాపారం చేయుచున్నందున ఐరోపా చట్టం వర్తించును. అయితే మూల ప్రకటన పత్రికలో అట్లే ఉండును. ఆ పేరుతో వెదకినపుడు వచ్చే లంకె మాత్రమే తొలగును. ప్రజాజీవితంలో ఉన్నవారి విషయంలో ప్రజలకు తెలుసుకొనే హక్కే పైచేయి కావచ్చును.

2018 మే 25 నుండి అమలులోకి వచ్చిన జీడీపీఆర్ చట్టం 17వ అధికరణంలో తొలగింపు హక్కును పొందుపరచినది. భావప్రకటన స్వేచ్ఛకు అందులో మినహాయింపు ఉన్నది.

విమర్శలు

ఏది దాచవలెనో మొదట నిర్ణయించేది న్యాయమూర్తి కాక ఒక వ్యాపార సంస్థ అగుట ప్రధాన విమర్శ. చరిత్రకు, పత్రికా స్వేచ్ఛకు ఇది హాని అని కొందరి వాదన. చేసిన అప్పు తీరిన తరువాత కూడా మనిషి జీవితాంతం దాని నీడలో బ్రతకరాదని సమర్థకుల వాదన.

సరిహద్దుల సమస్య

లంకెలను ప్రపంచమంతటా తొలగించమని ఫ్రాన్స్ సమాచార పరిరక్షణ సంస్థ గూగుల్‌ను ఆదేశించి, 2016లో లక్ష యూరోల జరిమానా విధించినది. అయితే 2019 సెప్టెంబరు 24న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, యూనియన్ చట్టం ప్రకారం సభ్యదేశాలలో తొలగిస్తే సరిపోవునని తీర్పునిచ్చినది. ఒక ప్రాంతపు చట్టం ప్రపంచమంతటినీ శాసిస్తే, రేపు మరొక ప్రభుత్వం తనకు గిట్టని వార్తలను అన్నిచోట్లా తొలగించమని కోరవచ్చును. శాసించకపోతే, ఐరోపాలో దాగిన లంకె బయట కనిపించుచునే ఉండును.

భారతదేశంలో

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో తొలగింపు హక్కు చేర్చబడినది.

కృత్రిమ మేధ

కృత్రిమ మేధ నమూనాలతో ఈ సమస్య మరింత జటిలమైనది. శోధన ఫలితం నుండి లంకెను తీసివేయవచ్చును గాని, శిక్షణలో నమూనా గ్రహించిన ఒక వ్యక్తి వివరాన్ని వేరుచేసి తీసివేయుట అంత సులభం కాదు.