ర్యాంకు బాగుంది, మార్కులు లేవు: సీటు అవకాశాన్ని తూచడం ఎలా?

వేసవి ముగిసే వేళకు ఇంటర్ చదివిన పిల్లలున్న ప్రతి ఇంటికీ రెండు కాగితాలు చేరుతాయి. ఒకటి ఇంటర్మీడియట్ మార్కుల మెమో, రెండవది ప్రవేశ పరీక్ష ర్యాంకు కార్డు. రెండూ ఒకే మాట చెబితే చిక్కు లేదు. ఒకటి మెచ్చుకొని మరొకటి ముఖం చిట్లించినప్పుడే ఇంట్లో అలజడి మొదలవుతుంది. పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకొన్న పిల్లవాడికి ఇంటర్‌లో అరవై శాతమే వస్తే అతని అవకాశాన్ని ఏ కాగితాన్ని బట్టి అంచనా వేయాలి?

ఈ ప్రశ్నకు పెద్దలు సాధారణంగా రెండు తొందరపాటు సమాధానాలు చెబుతుంటారు. "ర్యాంకు వచ్చిందిగా, మార్కులు ఎవరు చూస్తారు?" అన్నది మొదటిది. "మార్కులే లేకపోతే ర్యాంకు దేనికి?" అన్నది రెండవది. మొదటి మాట నమ్మినవారు తమకు తెరుచుకోని తలుపు ముందు నెలల తరబడి నిలబడతారు. రెండవ మాట నమ్మినవారు చేతికి అందగల కన్వీనర్ సీటును వదిలి, అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొంటారు. ఆడపిల్ల విషయంలోనైతే కొన్ని ఇళ్లలో చదువే ఆగిపోతుంది. అంచనాలో జరిగే పొరపాటుకు మూల్యం చెల్లించేది బిడ్డ భవిష్యత్తు. కనుక దీనిని ఊహకు వదలక లెక్క ప్రకారం చూడటం అవసరం.

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. ఈ రెండు పరీక్షలూ కొలిచేది ఒకే విషయాన్ని కాదు. ఇంజనీరింగ్ ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు సరైన జవాబును గుర్తించాలి. గణితానికి 80, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 40 మార్కులు. భాషలకు అక్కడ చోటు లేదు. ఇంటర్ పరీక్షలో జవాబును వివరించి రాయాలి, ప్రాక్టికల్స్ చేయాలి, ఇంగ్లీషునూ రెండవ భాషనూ చదవాలి. రెండేళ్లూ కోచింగ్ పుస్తకాలకే అంకితమైన విద్యార్థికి మొదటిదానిలో చురుకు, రెండవదానిలో వెలితి కనిపించడం వింత కాదు. అనారోగ్యం, ఇంటి ఇబ్బందులు, తండ్రి దుకాణంలో సాయం చేయవలసి రావడం కూడా ఆ వెలితికి కారణాలు కావచ్చు. కనుక మెమోను చూసి బిడ్డ స్వభావంపై తీర్పు చెప్పరాదు. విశ్వవిద్యాలయం ఆ మెమోను ఎలా చదువుతుందన్నదే తెలుసుకోవాలి. అది నాలుగు రీతులలో చదువుతుంది.

గడపగా నిలిచే మార్కులు

మొదటి రీతిలో మార్కులు గడప వంటివి. దాటితే చాలు, ఎంత ఎత్తున దాటామన్నది ఎవరూ అడగరు. దాటకపోతే మాత్రం ఎంత గొప్ప ర్యాంకు అయినా లోపలికి తీసుకుపోలేదు.

ఐఐటీలలోనూ, జేఈఈ మెయిన్ ద్వారా ఎన్‌ఐటీలలోనూ బీటెక్ ప్రవేశానికి ఉన్న నిబంధన ఇటువంటిదే. పన్నెండవ తరగతిలో, అనగా మన ఇంటర్‌లో, 75 శాతం మార్కులు ఉండాలి. లేదా తమ బోర్డులో ఉత్తీర్ణులైనవారిలో అగ్రశ్రేణి 20 పర్సంటైల్‌లో నిలవాలి. ఎస్సీ, ఎస్టీలకు 75కు బదులు 65 శాతం. ఓబీసీ విద్యార్థులకు ఇందులో సడలింపు లేదు. కోవిడ్ కారణంగా 2020 నుండి 2022 వరకు ఈ నిబంధనను పక్కనపెట్టి, 2023లో తిరిగి అమలులోకి తెచ్చారు. ఆ మూడేళ్లలో సీటు పొందిన బంధువుల అనుభవాన్ని ఉదాహరణగా తీసుకొనేవారు ఈ మార్పును గమనించాలి.

ఇక్కడ పలువురు ఏమరుపాటుకు లోనయ్యే సంగతి మరొకటుంది. ఈ 75 శాతాన్ని గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలతోనే లెక్కించరు. ఒక భాష, మరొక సబ్జెక్టు కలిపి మొత్తం ఐదింటిని లెక్కిస్తారు. "ఉర్దూదేముంది, ఇంగ్లీషుదేముంది, పాసైతే చాలు" అని రెండేళ్లూ నిర్లక్ష్యం చేసిన విద్యార్థి ఇక్కడే తడబడతాడు. ఇక అగ్రశ్రేణి 20 పర్సంటైల్ అనే రెండవ దారి మార్కులు ధారాళంగా వచ్చే బోర్డులో అంత సులభం కాదు. అక్కడ ఆ గీత 75 శాతం కన్నా పైనే ఉండవచ్చు.

వైద్య విద్యకు నీట్‌లోనూ గడప ఉంది గాని అది తక్కువ ఎత్తుది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో కలిపి 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం. అది దాటిన తరువాత ర్యాంకును నిర్ణయించేది నీట్ స్కోరే. ఎప్‌సెట్ ద్వారా ఇంజనీరింగ్‌లో చేరడానికి ఇంటర్ గ్రూపు సబ్జెక్టులలో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉండాలి.

తూకంలో చేరే మార్కులు

రెండవ రీతిలో మార్కులు తక్కెడలోనే చేరుతాయి. ఇందుకు మన రెండు తెలుగు రాష్ట్రాలే మంచి నిదర్శనం. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్‌సెట్ స్కోరుకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు నిర్ణయించే పద్ధతిని కోవిడ్ అనంతరం 2023లో పునరుద్ధరించారు. తెలంగాణ అదే సంవత్సరం ఆ వెయిటేజీని శాశ్వతంగా తొలగించింది. అక్కడ ర్యాంకుకు పరీక్ష స్కోరు ఒక్కటే ఆధారం.

దీని ప్రభావం ఎంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక విద్యార్థికి ఎప్‌సెట్‌లో 160కి 96 మార్కులు వచ్చాయనుకొందాం. అది 60 శాతం, కనుక 75కు 45 పాయింట్లు. ఇంటర్ గ్రూపులో అతనికి 60 శాతమే, కనుక 25కు 15 పాయింట్లు. మొత్తం 60. మరొక విద్యార్థినికి ఎప్‌సెట్‌లో 88 మార్కులు, అంటే 55 శాతం. ఆమె పాయింట్లు 41.25. ఇంటర్‌లో ఆమెకు 95 శాతం, అందుకు 23.75. మొత్తం 65. పరీక్షలో ఎనిమిది మార్కులు వెనుకబడినా ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో ఆమెదే ముందు స్థానం. అవే మార్కులను తెలంగాణ పద్ధతిలో చూస్తే అతడే ముందుంటాడు.

మరో విధంగా చెప్పాలంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ గ్రూపులో 20 శాతం వెలితిని పూడ్చాలంటే ఎప్‌సెట్‌లో సుమారు 11 మార్కులు అదనంగా సాధించాలి. ఇది భారమే గాని అసాధ్యం కాదు.

అయితే ర్యాంకు వెలువడిన తరువాత ఆంధ్రప్రదేశ్ తల్లిదండ్రులు ఒక పొరపాటు చేయకూడదు. ఆ ర్యాంకులో ఇంటర్ మార్కులు అప్పటికే కలిసి ఉంటాయి. "ర్యాంకు ఇంత వచ్చినా మార్కులు తక్కువ కదా" అని మళ్లీ దిగులుపడటం ఒకే వెలితిని రెండుసార్లు తీసివేయడమే అవుతుంది. అర్హత శాతం ఉన్నంతవరకు కన్వీనర్ కోటా కౌన్సెలింగ్‌లో ఇక చూడవలసింది ర్యాంకునే. సీబీఎస్‌ఈ వంటి ఇతర బోర్డులలో చదివినవారు మాత్రం తమ మార్కులను గడువులోగా నమోదు చేయించుకోవాలి.

సమానులను వేరుచేసే మార్కులు

మూడవ రీతిలో ఇద్దరి స్కోరు సమానమైనప్పుడు మాత్రమే మార్కులు ముందుకు వస్తాయి. 2022 నుండి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ ప్రవేశాలు సీయూఈటీ స్కోరు ఆధారంగా జరుగుతున్నాయి. అంతకు మునుపు అక్కడ పన్నెండవ తరగతి మార్కుల కటాఫ్ వందకు దగ్గరగా ఉండేది. నేడు ఆ మార్కులకు ప్రధానంగా మిగిలిన పని, సమాన స్కోరు గలవారిలో ఎవరు ముందో తేల్చడం. కనుక ఇంటర్ మార్కులు తగ్గినా ప్రవేశ పరీక్షలో రాణించగల విద్యార్థి కేంద్రీయ విశ్వవిద్యాలయాల వైపు తప్పక దృష్టి సారించాలి. కోర్సును బట్టి కనీస శాతం ఉండవచ్చు కాబట్టి ఆ యేటి ప్రవేశ ప్రకటనను చదవడం అవసరం.

సాక్ష్యంగా పలికే మార్కులు

నాలుగవ రీతి విదేశాలలో, ముఖ్యంగా అమెరికాలో కనిపిస్తుంది. అక్కడి పలు విశ్వవిద్యాలయాలు గ్రేడ్లను విద్యార్థి నిలకడకు సాక్ష్యంగా చదువుతాయి. శాట్ స్కోరు ఒక్క పూట చూపిన ప్రతిభ అయితే, గ్రేడ్లు ఏళ్ల తరబడి చేసిన శ్రమకు చిహ్నమని వారి భావన. 2020 తరువాత అనేక విశ్వవిద్యాలయాలు శాట్‌ను తప్పనిసరి జాబితా నుండి తీసివేశాయి. ఎంఐటీ వంటివి తిరిగి తప్పనిసరి చేశాయి.

మన ఇళ్ల నుండి ఎంఎస్ చదువుకు వెళ్లేవారికి ఇది మరింత వర్తిస్తుంది. జీఆర్‌ఈలో మంచి స్కోరు ఉన్నా బీటెక్‌లో బ్యాక్‌లాగులు పేరుకుపోయి ఉంటే ఆ స్కోరు వాటిని పూర్తిగా కప్పిపుచ్చలేదు. అయితే అక్కడ కారణానికి విలువ ఉంది. మొదటి రెండు సెమిస్టర్లలో తగ్గి, తరువాత వరుసగా మెరుగుపడిన మార్కులు వేరొక కథ చెబుతాయి. ఆ కథను ఉద్దేశ పత్రంలో రెండు మూడు వాక్యాలలో, అతిశయోక్తి లేకుండా, నిజాయితీగా చెప్పుకోవచ్చు.

అంచనా ఎలా వేయాలి?

ఇప్పుడు ఆచరణకు వద్దాం. మొదట, దరఖాస్తు చేయదలచిన ప్రతి కోర్సుకు ఈ నాలుగింటిలో ఏ రీతి వర్తిస్తుందో ఒక కాగితంపై రాసుకోవాలి. గడప దాటని కోర్సులను ముందే వేరుచేయాలి. ఒక రాష్ట్రపు విద్యార్థి మరొక రాష్ట్రపు సీటుపై ఆశ పెట్టుకొనే ముందు స్థానికత నిబంధన చూసుకోవాలి.

రెండవది, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో గత సంవత్సరం ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో, ఏ వర్గానికి చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో తెలిపే పట్టికలు లభిస్తాయి. పొరుగింటి మాటకన్నా ఆ పట్టిక నమ్మదగినది. అందులో తమ వర్గానికి చెందిన వరుసనే చూడాలి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ సర్టిఫికెట్ సిద్ధంగా ఉన్నవారు ఓసీ వరుస చూసి నిరాశపడనవసరం లేదు. అయితే ఇది రాష్ట్ర సంస్థలకు సంబంధించినది. ఐఐటీ, ఎన్‌ఐటీలలో ఓబీసీగా పరిగణించాలంటే ఆ వర్గం కేంద్ర జాబితాలోనూ ఉండాలి.

మూడవది, ఒక్క ఏడాది పట్టికతో ఆగక రెండు మూడేళ్లవి పోల్చాలి. తమ ర్యాంకు మూడేళ్లూ చివరి ర్యాంకు కన్నా ముందుంటే ఆ సీటుపై గట్టి ఆశ పెట్టుకోవచ్చు. ఒక యేడు అటు, ఒక యేడు ఇటు ఉంటే అది సందేహం. ఏ యేడూ అందకపోతే అది ఆకాంక్ష మాత్రమే. వెబ్ ఆప్షన్లలో మూడు రకాలూ ఉండాలి. నిజంగా ఇష్టపడే క్రమంలోనే ఉండాలి. పై ఆప్షన్ అందకపోతే కింది ఆప్షన్‌లో అవకాశం తగ్గదు. భయంతో క్రమాన్ని తలకిందులు చేసినవారే మేలైన సీటును కోల్పోతారు.

నాలుగవది, గడప దగ్గర కొద్దిలో ఆగిపోయినవారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇంటర్ ఉత్తీర్ణులైనవారు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలలో బెటర్‌మెంట్ రాయవచ్చు. మెమో అందిన రోజునే ఐదు సబ్జెక్టుల శాతాన్ని లెక్కించి, 72 లేదా 73 దగ్గర ఆగితే ఆ పరీక్ష ఫీజు గడువు దాటకముందే నిర్ణయం తీసుకోవాలి. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఏడాది కేటాయించదలచినవారు ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. లోపం ర్యాంకులో ఉందా, మార్కులలో ఉందా? మార్కులలోనే ఉంటే కోచింగ్ దానిని తీర్చదు. పైగా జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ లెక్కలన్నీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చేయండి. అతని మెమోను బంధువుల ముందు చదివి సిగ్గుపడేలా చేయకండి, అతని ర్యాంకును ఊరంతా చాటి మోయలేని బరువు పెట్టకండి. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఈ కాగితాలను వారికీ చూపించండి. భాషా పరీక్షలలో నేడు వదిలేసే పది మార్కులు రేపు ఏ గడప దగ్గర అడ్డుపడతాయో వారికి ఇప్పుడే అర్థం కావడం మంచిది.