కరక్కాయ నలుపు, భోజనం తర్వాతి చాయ్

ఇంట్లో ఇత్రిఫల్ చేసుకునేవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. కరక్కాయ నానిన నీళ్ళు ఇనుప మూకుడులో ఉంచితే కాసేపటికి సిరాలా నల్లబడతాయి. పెడన కలంకారీ పనివారి నల్లరంగుదీ ఇదే కిటుకు. బట్టను ముందు కరక్కాయ రసంలో తడిపి, ఇనుము, బెల్లం వేసి ఊరబెట్టిన నీళ్ళతో అద్దుతారు. ఈ నలుపుకీ, ఇవాళ ప్రతి డబ్బా మీదా రాస్తున్న 'యాంటీ ఆక్సిడెంట్' గుణానికీ మూలం ఒకటే.

కరక్కాయ, మాజూఫలం, తేయాకు వగరుగా ఉండటానికి కారణం ఫినాలిక్ పదార్థాలు. ఆరు కార్బన్ అణువుల వలయానికి ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా అతుక్కుని ఉంటే అది ఫినాల్. ఆ జంటే హైడ్రాక్సిల్. ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ కణాల మీద పడి పాడుచేస్తాయి. ఫినాల్ తన హైడ్రోజన్‌ను వాటికిచ్చి శాంతింపజేస్తుంది. ఆ లోటును వలయమంతా సర్దుకుని తాను నిలదొక్కుకుంటుంది. హైడ్రాక్సిల్ ఒక్కటే ఉంటే బలం తక్కువ, పక్కపక్కన రెండుంటే చాలా ఎక్కువ. జైతూన్ నూనెలోని టైరోసాల్‌కూ, హైడ్రాక్సీటైరోసాల్‌కూ తేడా ఒక్క హైడ్రాక్సిలే. కానీ శక్తిలో రెండోది ఎంతో ముందు. మాజూఫలంలోని గాలిక్ ఆమ్లానికి వరుసగా మూడున్నాయి. అవే ఎడంగా ఉంటే అంత పని జరగదు. అయితే పరీక్ష గొట్టంలో బలం వేరు, ఒంట్లో బలం వేరు. డబ్బా మీది అంకెలు చూసి మోసపోకండి.

ఇక అసలు విషయం. పక్కపక్కనున్న ఆ హైడ్రాక్సిళ్ళే ఇనుమును కూడా గట్టిగా పట్టుకుంటాయి. మూకుడులో జరిగినదే కడుపులోనూ జరుగుతుంది. దావత్‌లో బిర్యానీ తర్వాత సులేమానీ తాగితే మాంసంలోని ఇనుముకు పెద్దగా నష్టం లేదు. రోజూ పప్పు, ఆకుకూర, రాగిసంగటి తిని వెంటనే చాయ్ తాగే ఇల్లాలికే నష్టం. ఆ ఇనుములో చాలాభాగం ఒంటికి పట్టదు. పాలు పోసినా ఈ పట్టు పెద్దగా సడలదు. నిమ్మరసం కొంత సాయం చేస్తుంది.

రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలు, గర్భిణులు ఇంట్లో ఉంటే చాయ్‌ని భోజనానికి గంటకు పైగా ఎడంగా జరపండి. కూరలో నిమ్మకాయ పిండండి. ఇత్రిఫల్ వాడుతుంటే హకీం సాబ్‌కూ, ఇనుము మాత్రలు రాసిచ్చిన డాక్టరుకూ ఇద్దరికీ చెప్పండి. ఆ మాత్రను మాత్రం చాయ్‌తో మింగవద్దు.