ప్రకాశం జిల్లాలో నిప్పుకోడి గూడు

నిప్పుకోడి అంటే మనకు ఆఫ్రికానే గుర్తొస్తుంది. కానీ దాదాపు 41 వేల ఏళ్ల కిందట, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం జిల్లాగా ఉన్న నేల మీద ఈ పక్షులు గుడ్లు పెట్టాయి. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ పురావస్తు పరిశోధకులకు అక్కడ ఒకేచోట సుమారు 3,500 గుడ్డు పెంకు ముక్కలు దొరికాయని 2024లో వెల్లడైంది. అవి 9 నుంచి 11 గుడ్లవని వారి అంచనా.

గూడు అంటే పుల్లలతో అల్లినది కాదు, నేల గీరి చేసిన గుంట. ఒకే గుంటలో చాలా ఆడపక్షులు గుడ్లు పెడతాయి. పగలు ఆడపక్షి, రాత్రి మగపక్షి పొదుగుతాయి. గుడ్డు కిలోన్నర దాకా తూగుతుంది. అంటే సుమారు రెండు డజన్ల కోడిగుడ్లంత! పెంకు మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. కాల్షియం కార్బనేట్‌తో గట్టిగా ఉండడం వల్ల, ఎముకలు మట్టిలో కలిసిపోయిన చోట కూడా పెంకులు మిగులుతాయి. మహారాష్ట్రలోని పాట్నేలో ఆదిమానవులు ఈ పెంకులతో పూసలు చేశారు, ఒక ముక్క మీద గీతలు చెక్కారు.

పెంకులో డీఎన్‌ఏ కూడా దాక్కుంటుంది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పెంకుల నుంచి దాన్ని రాబట్టి, అవి ఆఫ్రికా నిప్పుకోడి బంధువులవేనని 2017లో తేల్చిన బృందంలో హైదరాబాద్ సీసీఎంబీ, రూర్కీ ఐఐటీ శాస్త్రవేత్తలున్నారు.

ఇంతకీ పక్షుల వంశవృక్షంలో నిప్పుకోడి ఎక్కడుంది? నేనుండే భిలాయి సెక్టర్ 6 చుట్టుపక్కల రాళ్లలో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఉక్కు కర్మాగారానికి సున్నపురాయినిచ్చే నందిని గనుల రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికి పక్షులు కాదు కదా, చేపలే లేవు. అయితే బజారులో కొన్న కోడి మాత్రం కొంత చెబుతుంది. దాని రొమ్ము ముందు భాగంలో పంగలకర్రలా ఉండే ఎముక టైరనోసారస్‌కూ ఉండేది. పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయనడానికి ఉన్న ఎన్నో ఆధారాల్లో అదొకటి.

సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటి ఆర్కియోప్టెరిక్స్‌కు ఈకలతో పాటు పళ్లు, పొడవాటి ఎముకల తోక ఉండేవి. తర్వాత రకరకాల పక్షి జాతులు పుట్టాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికో దగ్గర గ్రహశకలం ఢీకొన్నప్పుడు వాటిలో చాలా భాగం అంతరించాయి. మన దక్కన్ లావా పొంగింది కూడా ఆ కాలంలోనే. బతికి బయటపడిన కొద్ది శాఖల వారసులే నేటి సుమారు 11 వేల జాతులు.

ఆ శాఖలు అంతకుముందే వేరుపడ్డాయి. కోడికీ బాతుకూ దగ్గరి చుట్టమైన ఆస్టెరియోర్నిస్ శిలాజం బెల్జియంలో దొరికింది. దాని వయసు 6.67 కోట్ల ఏళ్లు. కోడి వంశం కన్నా నిప్పుకోడి వంశం ముందే చీలింది కాబట్టి, అది ఇంకా పాతదన్నమాట.

నిప్పుకోడి, ఈము, కివీ వంటి ఎగరలేని పక్షులన్నిటికీ ఎగరలేని పూర్వీకుడే ఉన్నాడని, గోండ్వానా ఖండం ముక్కలైనప్పుడు దాని సంతతి తలా ఒక ముక్క మీద వెళ్లిపోయిందని చాలాకాలం చెప్పుకున్నారు. చక్కని కథే. భౌతికశాస్త్రం చదివిన నాలాంటివాళ్లకు అన్నిటికీ ఒకే కారణం దొరికితే ప్రాణం లేచొస్తుంది! డీఎన్‌ఏ మాత్రం ఒప్పుకోలేదు. న్యూజిలాండ్ కివీకి అత్యంత దగ్గరి బంధువు అదే దేశంలో అంతరించిన మోవా కాదు, మడగాస్కర్‌లో అంతరించిన ఏనుగు పక్షి అని 2014లో తేలింది. మోవాకు దగ్గరివి దక్షిణ అమెరికా టినముూలు, అవి ఎగరగలవు. అంటే పూర్వీకులు ఎగిరేవారే. రెక్కలు అవసరం లేదనిపించిన చోటల్లా ఒక్కో శాఖా విడిగా ఎగరడం మానేసింది.

మరి మన నిప్పుకోళ్లు ఏమయ్యాయి? ఎండిపోతున్న వాతావరణం కారణమా, గుడ్లు ఎత్తుకుపోయిన మనుషులా అన్న చర్చ నడుస్తోంది. మనుషులు చేరాక మోవాలు ఒకటి రెండు శతాబ్దాల్లోనే అంతరించాయి. ఆస్ట్రేలియాలో జెన్యోర్నిస్ అనే భారీ పక్షి గుడ్ల పెంకులు ఒక చివర మాత్రమే కాలి ఉన్నాయి. కార్చిచ్చులో అయితే పెంకంతా కాలాలి, కాబట్టి ఎవరో నిప్పుల పక్కన పెట్టి వండుకున్నారని పరిశోధకుల వాదన. ప్రకాశం పెంకులనూ ఇలాగే పరీక్షించవచ్చు.