డాబా మీద యాంటెన్నా, గాలిలో లేని బొమ్మ

నెలనెలా కేబుల్ బిల్లు కట్టే బాధ లేకుండా, హెచ్‌డీ యాంటెన్నా ఒకటి కొని డాబా మీద బిగిస్తే లోకల్ ఛానళ్లన్నీ అద్దంలా వస్తాయన్న నమ్మకం బెజవాడలోనూ, చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ చాలామందికి ఉంది. పలక లాంటి నల్లటి యాంటెన్నాలు ‘4కే’, ‘1080’ అన్న అంకెలు వేసుకుని ఆన్‌లైన్‌లో అమ్మకానికి వస్తున్నాయి. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. అమెరికాలో అది నిజమే. అక్కడి పెద్ద స్టేషన్లు 2009 జూన్ 12 నాటికి అనలాగ్ ప్రసారం ఆపేసి డిజిటల్‌కు మారాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కిటికీకి యాంటెన్నా అతికిస్తే ఆ ఊరి స్టేషన్లు హెచ్‌డీలో పైసా ఖర్చు లేకుండా వస్తాయి. పిల్లలు అక్కడ స్థిరపడ్డ ఇళ్లు కృష్ణా తీరంలో తక్కువేమీ కాదు. వాళ్లింట్లో పనిచేసింది మనింట్లోనూ పనిచేస్తుందనుకోవడం సహజం. కానీ యాంటెన్నా బొమ్మను పుట్టించదు. గాలిలో ఉన్నదాన్ని పట్టి టీవీకి అందిస్తుంది, అంతే. అందుకే ముందు తేల్చుకోవాల్సింది యాంటెన్నా ఎంత గొప్పదన్నది కాదు, మన గాలిలోకి ఎవరు ఏం పంపుతున్నారన్నది. టవరు నుంచి బెజవాడ గాలిలోకి వచ్చే హెచ్‌డీ ఛానల్ ఒక్కటి కూడా లేదు.

దీనికి వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న ఒకటుంది. ఒకప్పుడు ఇనుప గొట్టం ఎత్తి, దాని మీద అల్యూమినియం పుల్లల యాంటెన్నా కట్టి, బూస్టర్ పెడితే బొమ్మ వచ్చేది కదా, ఇప్పుడెందుకు రాదు? అప్పుడు వచ్చింది దూరదర్శన్ ఒక్కటే. మన దేశంలో టవరు నుంచి నేరుగా టీవీ ప్రసారం చేసే అవకాశం ప్రైవేటు సంస్థలకు ఏనాడూ ఇవ్వలేదు. 1995లో మొదలైన ఈటీవీ, జెమినీ మొదలుకొని నేటి వార్తా ఛానళ్ల వరకు అన్నీ పుట్టుకతోనే ఉపగ్రహ ఛానళ్లు. వాటిలో ఏదీ డాబా మీది పుల్లల యాంటెన్నాకు ఎన్నడూ అందలేదు. ఇక దూరదర్శన్ సంగతి. సరిహద్దుల్లోనూ, వ్యూహపరంగా ముఖ్యమైన చోట్లా ఉన్న సుమారు 50 మినహా మిగతా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నిటినీ 2022 మార్చి 31 నాటికి ఆపేస్తామని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2021లో ప్రకటించి, ఆ పని చేసింది. కాలం చెల్లిన యంత్రాల మీద ఖర్చు తగ్గించడం, ఆ తరంగాలను 5జీ వంటి కొత్త అవసరాలకు వదలడం అందుకు చెప్పిన కారణాలు. కాబట్టి పాత యాంటెన్నా దులిపి ఎక్కించినా, కొత్తది కొన్నా పట్టడానికి అక్కడ ఏమీ లేదు.

‘మా టీవీలో డిజిటల్ ట్యూనర్ ఉంది’ అనేవారికి కూడా ఇదే సమాధానం, కొంచెం వివరంగా. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో టవర్ల నుంచి డిజిటల్ ప్రసారాన్ని 16 నగరాల్లో మొదలుపెట్టింది. దక్షిణాన ఆ జాబితాలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి. విజయవాడ లేదు, హైదరాబాదు కూడా లేదు. ఇది నిజంగా బాధపడాల్సిన విషయం. టవరు ప్రసారానికి ఈ డెల్టా కన్నా అనువైన నేల అరుదు. బెజవాడ కొండలు దాటితే బందరు సముద్రం దాకా అడ్డుకునే గట్టు లేదు. 150 మీటర్ల టవరు ఒకటి ఉంటే, పది మీటర్ల ఎత్తున పెట్టిన ఇంటి యాంటెన్నాకు 60 కిలోమీటర్ల దూరం దాకా చూపు ఆనుతుంది. నేలలో లోపం లేదు, యాంటెన్నాలోనూ లేదు. ప్రసారమే లేదు.

మరి గాలిలో ఉచితంగా దొరికేది ఏమీ లేదా అంటే, ఉంది. కాకపోతే అది టవరు నుంచి కాదు, 36,000 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది. 2004 డిసెంబరులో 33 ఛానళ్లతో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’గా మొదలైన దూరదర్శన్ సేవే నేటి డీడీ ఫ్రీ డిష్. గొడుగు, బాక్సు ఒకసారి కొంటే చాలు, నెలవారీ చందా లేదు. ప్రసారం జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దీని చుట్టూ ఇంకో అపోహ అల్లుకుంది: ఫ్రీ డిష్ పెడితే తెలుగు ఛానళ్లన్నీ ఉచితంగా వస్తాయని. రావు. అందులోని ప్రైవేటు ఛానళ్ల చోట్లను ప్రసార భారతి వేలం వేస్తుంది. డబ్బు కట్టి చోటు కొనుక్కున్నవాళ్లే అందులో కనిపిస్తారు. వాళ్లలో అత్యధికులు ఉత్తరాది ప్రేక్షకుల కోసం వచ్చే హిందీ ఛానళ్లవాళ్లు. చందాలతో నడిచే పెద్ద తెలుగు వినోద ఛానళ్లకు తమ సరుకును ఉచితంగా పంచే అవసరం లేదు. హిందీలోనే స్టార్, జీ, సోనీ, వయాకామ్18 సంస్థలు తమ వినోద ఛానళ్లను 2022 ఏప్రిల్‌లో ఫ్రీ డిష్ నుంచి తప్పించాయి. దీన్నిబట్టి ‘ఉచితం’ అన్నది ఉపగ్రహానికి ఉన్న గుణం కాదని, ఏటేటా మారే వ్యాపార నిర్ణయమని తెలుస్తుంది. దూరదర్శన్ మాట వేరు. దాని నిర్ణీత ఛానళ్లను ప్రతి కేబుల్, డీటీహెచ్ సంస్థా తప్పనిసరిగా చూపించాలి. ఏది పెట్టుకున్నా దూరదర్శన్ తెలుగు ఛానల్ సప్తగిరి కోసం విడిగా వెతుక్కోనక్కర్లేదు.

గొడుగు పెట్టేటప్పుడు వినిపించే మాటల్లోనూ సవరించుకోవలసినవి ఉన్నాయి. కొబ్బరిచెట్ల మధ్య డిష్ పనిచేయదని డెల్టా ఊళ్లలో అంటుంటారు. లెక్క కడితే జీశాట్-15 బెజవాడ నుంచి ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దాదాపు నడినెత్తి వైపే. గొడుగు కన్నా 15 మీటర్లు ఎత్తుగా ఉన్న చెట్టైనా, అటు పక్కన ఏడు మీటర్ల లోపు ఉంటే తప్ప అడ్డు రాదు. కనక తోట ఉందని వెనకాడనక్కర్లేదు, ఆగ్నేయాన ఆనుకుని చెట్టు లేకుండా చూసుకుంటే చాలు. గొడుగు ముఖం అంత పైకి తిరిగి కనిపించదు కదా అన్న అనుమానమూ అక్కర్లేదు. సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ నడిమధ్య నుంచి కిందికి జరిగి ఉండే ఈ రకం గొడుగు తన ముఖం చూపే దిశ కన్నా 20 డిగ్రీలకు పైగా ఎత్తుకు చూస్తుంది. వాన విషయంలో మాత్రం జనం చెప్పేది నిజమే. ఇంటి గొడుగులు అందుకునే కేయూ బ్యాండ్ తరంగాల బలాన్ని జోరువాన పీల్చేస్తుంది. ఆ కాసేపూ బొమ్మ ముక్కలై ఆగిపోతుంది. కొంచెం పెద్ద గొడుగు పెడితే ఆ ఆగడం తగ్గుతుంది. కానీ బొమ్మ నాణ్యత పెరుగుతుందని చెప్పి పెద్ద గొడుగు అంటగడితే నమ్మకండి. అనలాగ్ రోజుల్లో సిగ్నల్ బలం కొద్దీ చుక్కలు తగ్గేవి. డిజిటల్‌లో సిగ్నల్ సరిపడా అందితే పంపినంత బొమ్మ పూర్తిగా వస్తుంది, సరిపోకపోతే అసలు రాదు.

ఆ ‘పంపినంత’ అన్నదే హెచ్‌డీ గుట్టు. మామూలు ఛానల్ బొమ్మ 720 అడ్డ, 576 నిలువు చుక్కలతో వస్తే, పూర్తి హెచ్‌డీ బొమ్మ 1920 అడ్డ, 1080 నిలువు చుక్కలతో వస్తుంది. సరిగ్గా ఐదింతలు. హెచ్‌డీ టీవీ కొన్నంత మాత్రాన మామూలు ఛానల్ హెచ్‌డీ అయిపోదు. టీవీ ఆ తక్కువ చుక్కలనే పెద్ద తెర మీద సాగదీస్తుంది. హెచ్‌డీ బాక్సు తెచ్చుకున్నంత మాత్రానా కాదు. ప్యాకేజీలో ఆ ఛానల్ హెచ్‌డీ రూపం విడిగా ఉండాలి, బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరు ఉండాలి. అన్నీ తెచ్చుకుని, ఎరుపు పసుపు తెలుపు మూడు పిన్నుల పాత వైరుతో కలిపితే పెట్టిన డబ్బంతా ఆ వైరు దగ్గరే ఆగిపోతుంది. ఫ్రీ డిష్‌లోనూ పాత ఎంపెగ్-2 బాక్సుకు హెచ్‌డీ రాదు, ఎంపెగ్-4 బాక్సు ఉండాలి. అయినా అందులో హెచ్‌డీ అంటే డీడీ న్యూస్ లాంటి దూరదర్శన్ సొంత ఛానళ్లు కొన్నే.

ఇప్పుడంతా ఇంటర్నెట్టే, ఏపీ ఫైబర్‌నెట్ తీగ ఊరూరికీ వచ్చింది, ఈ చర్చ ఎందుకని కొందరు అంటారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్ 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇచ్చిన మాట నిజం, అది మేలు చేసిన మాటా నిజం. కానీ తీగ మీద వచ్చేది తీగతోనే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటుతోపాటు కేబుల్, నెట్టు కూడా ఆగిపోయాయి. బ్యాటరీ రేడియో లాంటిదే అలాంటి వేళ ఇంట్లోకి వార్త తేగలదు. ఏటా తుపాను కాలం తప్పని ఈ తీరానికి, తీగతో పనిలేకుండా అందరికీ అందే ప్రసారం పాత జ్ఞాపకంగా మిగిలిపోకూడదు. ప్రసార భారతి పరికరాల ఆధునికీకరణకు కేంద్రం 2023 జనవరిలో 2,539.61 కోట్ల రూపాయలు ఆమోదించింది. బెజవాడ గాలిలోకి డిజిటల్ ప్రసారం ఎప్పుడని మన ప్రజాప్రతినిధులను అడగడానికి ఆ లెక్క చాలు. అంతవరకు యాంటెన్నా కొనబోయే ముందు అమ్మేవారిని ఒక్కటే అడగండి: విజయవాడలో ఇది పట్టే ఛానళ్ల పేర్లు చెప్పమనండి. పేర్లు చెప్పలేకపోతే కొనకండి.