డబ్ల్యుడిఎం-2

డబ్ల్యుడిఎం-2 భారతీయ రైల్వేలలో 1962లో ప్రవేశించిన డీజిల్-ఎలక్ట్రిక్ రైలు ఇంజన్ల తరగతి. అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ దీనిని రూపొందించింది. 1998 వరకు 2,600కు పైగా తయారైన ఈ ఇంజన్లు దేశంలో ఆవిరి ఇంజన్ల స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. పేరులో డబ్ల్యు బ్రాడ్‌గేజిని, డి డీజిల్‌ను సూచిస్తాయి. ఎం అనగా ప్రయాణికుల బండ్లను, గూడ్సు బండ్లను కూడా లాగగలదని అర్థం.

చరిత్ర

1962లో ఆల్కో ఇంజన్లతో పాటు జనరల్ మోటార్స్ వారి డబ్ల్యుడిఎం-4 ఇంజన్లు కూడా దిగుమతి అయ్యాయి. ఇవి పనితీరులో ఏమాత్రం తీసిపోయేవి కావు. 1969లో మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగినవి ఇవే. అయినా తయారీ పరిజ్ఞానాన్ని అందజేయడానికి ఆల్కో అంగీకరించినందున డబ్ల్యుడిఎం-2కే అవకాశం దక్కింది. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుండి మొదటి ఇంజను 1964 జనవరిలో వెలువడింది. ఈ నిర్ణయం ఎంత ముఖ్యమైనదో 1969లో తేలింది. ఆ ఏడాది ఆల్కో మూతపడినా వారణాసిలో ఉత్పత్తి ఆగలేదు.

పనిచేసే విధానం

ఇందులోని 16 సిలిండర్ల డీజిల్ ఇంజను సామర్థ్యం 2,600 అశ్వశక్తి. అది చక్రాలను నేరుగా తిప్పదు. డీజిల్ ఇంజను నిలిచి ఉన్న స్థితి నుండి బరువును లాగలేదు కనుక, అది జనరేటరును తిప్పగా పుట్టిన విద్యుత్తు ఆరు ఇరుసుల మీది ఆరు మోటార్లను నడుపుతుంది. ఇంజను బరువు సుమారు 113 టన్నులు, గరిష్ఠ వేగం గంటకు 120 కి.మీ.

బండి కదిలేటప్పుడు ఇవి దట్టమైన నల్లని పొగ వదలడం ప్రసిద్ధం. దీనికి నిర్వహణ లోపమే కారణమని పలువురు భావిస్తారు గాని, అసలు కారణం టర్బోచార్జరు. సిలిండర్లలోకి గాలిని నెట్టే ఈ పరికరం ఇంజను వదిలే వాయువులతోనే తిరుగుతుంది. డ్రైవరు శక్తిని పెంచగానే ఇంధనం అధికమవుతుంది. టర్బోచార్జరు వేగం పుంజుకోవడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. అంతవరకు గాలి చాలక ఇంధనం పూర్తిగా మండదు.

వినియోగం

గుత్తి, కాజీపేట, విశాఖపట్నం షెడ్లలో ఈ ఇంజన్లు ఉండేవి. 1976లో మొదలైన హైదరాబాదు - న్యూఢిల్లీ ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ వంటి పొడవైన బండ్లకు రెండింటిని జతచేసేవారు. ముందు ఇంజను నుండే రెండింటినీ నడపవచ్చు. పొడవైన భాగం ముందుండగా నడిపితే డ్రైవరుకు సిగ్నళ్ళు సరిగా కనబడకపోవడం ఈ నమూనాలోని పెద్ద ఇబ్బంది.

తరువాత 3,100 అశ్వశక్తి గల డబ్ల్యుడిఎం-3ఎ దీని నుండే రూపొందింది. ఆల్కో పంపిన మొదటి ఇంజను, సంఖ్య 18040, న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో భద్రపరచబడినది.